సర్కారోళ్ళ పార్కు

దేవిదాస్ తన తల్లితో ఒక అబద్ధం ఆడాడు. పోయిన వారం మనం కథ ఆపింది సరిగ్గా అక్కడే. పెద్ద అబద్ధమేం కాదు, సగం నిజమే. అయితే సగం నిజంతో వచ్చే తంటా ఏమిటంటే, వినేవాళ్ళు మిగతా సగాన్ని తమకు నచ్చినట్టు పూరించుకుంటారు.

సంగతి ఇది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు దేవిదాస్‌కి ఒక అన్న ఉండేవాడు. పేరు రాజలింగు, ఫౌజులో పనిచేసేవాడు. పాకిస్తాన్ యుద్ధంలో ఒంటిమీద గీత పడకుండా బయటపడ్డ మనిషి, యుద్ధం ముగిశాక వచ్చిన ఎండాకాలంలో రాజస్థాన్ ఇసుకలో దారి తప్పాడు. నీళ్ళు దొరక్క దూపకు చనిపోయి ఉంటాడని పైవాళ్ళు కబురు పంపారు గానీ శవం దొరకలేదు. ఇది జరిగి రెండేళ్ళు. అన్న తిరిగిన ఆ నేలను ఒకసారి కళ్ళారా చూసి, అక్కడ ఒక దీపం పెట్టి రాకపోతే తన మనసు కుదుటపడదని దేవిదాస్‌కి తోచింది. దసరా వెళ్ళగానే, ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలయ్యేలోపు, దోస్తు రాందాస్‌ని వెనక కూర్చోబెట్టుకుని తన బులెట్ మీద బయల్దేరాలని ఏర్పాటు చేసుకున్నాడు.

ఎడారికి పోతున్నానని తల్లి ముత్తవ్వకు చెప్పడానికి నోరు రాలేదు. "రాజస్థాన్‌ల సర్కారోళ్ళు పెద్ద పార్కు చేస్తరట అవ్వా, జింకలు, పిట్టలు ఉంటయట, చూసొస్త" అన్నాడు. జైసల్మేర్ అవతలి ఇసుక నేలను జింకల కోసం, బట్టమేక పిట్టల కోసం నేషనల్ పార్కు చేయాలనుకుంటున్నారని రాందాస్ ఎక్కడో విని వచ్చాడు. అందుకే సగం నిజం అన్నాను.

ముత్తవ్వ ఎరిగిన పార్కు ఒక్కటే, నిజామాబాద్ తిలక్ గార్డెన్. పచ్చగడ్డి, పూలచెట్లు, రబ్బరు పైపుతో నీళ్ళు కొట్టే మాలి. కొడుకు తప్పిపోయిన చోట సర్కారు పార్కు వేస్తుందంటే అక్కడ నీళ్ళు పుష్కలంగా ఉన్నట్టే కదా. నీళ్ళున్న చోట మనిషి దూపకు ఎట్లా చస్తాడు? ఆమె లెక్క అక్కడితో తేలిపోయింది.

శుక్రవారం సాయంత్రం సొంతూరు మెండోర నుంచి ముత్తవ్వ, రాజలింగు భార్య గోదావరి, అత్తాకోడళ్ళు ఇద్దరూ బోధన్‌లో బస్సు దిగారు. ముత్తవ్వ చంకలో ఒక మూట. దేవిదాస్ క్వార్టర్ గడపలో కూర్చుని చెమటైనా తుడుచుకోకుండా ఆ మూట విప్పింది. కొత్త ధోవతి, కుట్టించిన అంగీ, ఎర్ర రుమాలు బయటపడ్డాయి.

"మీ అన్నకు" అంది. "గా పార్కుల ఏం కట్టుకుంటున్నడో ఏమో. వచ్చేటప్పుడు మంచిగ తయారై రావాలె గద."

దేవిదాస్ ఆ బట్టలు మళ్ళీ మూటలో సర్దబోయాడు. రాందాస్ మాత్రం, పుట్టినప్పటి నుంచీ ఏ సందర్భంలోనూ నోరు మూసుకుని ఎరగని మనిషి కాబట్టి, "పోయేది దసరాకు గదవ్వా, ఇప్పుడే తెస్తివా?" అన్నాడు.

"అప్పటిదాక నాకు పానం నిలువద్దా?" అని అతన్ని కసురుకుని, "నువ్వు పోయేటప్పుడైతే ఎనక కూసుంటవు. మరి వచ్చేటప్పుడు యాడ కూసుంటవ్? గా సీటు మావోనికి గావాలె. నువ్వు రైలుకు రా" అంది.

"అరే బాప్‌రే! నన్ను గా ఉసికెల్నే దించి వస్తరన్నమాట" అని రాందాస్ నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి అతనికీ విషయం అర్థమై తల గోక్కున్నాడు.

కోడలు గోదావరి బిందె తీసుకుని క్వార్టర్ల వెనక ఉన్న నల్లా దగ్గరకు నడిచింది. కాసేపాగి దేవిదాస్ కూడా వెళ్ళాడు. నల్లా సన్నగా పడుతోంది. ఆమె బిందె వైపే చూస్తూ మాట్లాడింది.

"సూసినవా నీ పార్కు ఎంత పని చేసిందో. అత్తమ్మ ఊరంత సాటింపేస్తుంది. నా పెద్దకొడుకు సర్కారు పార్కుల మాలి పని చేస్తున్నడు, చిన్నోడు పొయ్యి తోల్కొస్తడు అని. మెండోరల సెప్తె సెప్పె, సంతల గూడ సెప్పింది. చందూరోళ్ళ చెవుల వడ్డది."

చందూరోళ్ళంటే చందూరు ఊళ్ళోని రాజమల్లు వాళ్ళు. రాజమల్లు భార్య పోయిన రైతు, నెమ్మదస్తుడని పేరు. ఎంతకాలమని ఇట్లా ఉంటావు చెల్లే అని, గోదావరి అన్న ఈ మారు మనువు మాట్లాడి పెట్టాడు. ముత్తవ్వ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఇంకా ఎవరికీ చాలలేదు.

"ఏమన్నరు వదినె?"

"ఏమంటరు? మొగడు బతికున్నడంటున్రు గద, మొగడున్న ఆడిదాన్ని మేమెట్ల చేస్కుంటం అన్నరు. దసరా దాక సూస్తరట. గంతే."

దేవిదాస్ అడగాలా వద్దా అని తటపటాయించి అడిగాడు. "నీకు... ఇష్టమేనా?"

గోదావరి తల ఎత్తి సూటిగా చూసింది. "నీ తోని అబద్ధం ఎందుకాడాలె దేవిదాసూ. ఇష్టమే. మీ అన్నంటే నాకు పానం. ఉన్నడంటే ముసల్దాన్నయ్యేదాక గా మెండోరల్నే కూసుంటా, ఎదురుసూస్తా. లేడంటే లేడని ఎవరన్న గట్టిగ చెప్పున్రి. ఉన్నడో లేడో తెలువక రోజు పొద్దుగాల లేసి బొట్టు పెట్టుకునుడు నాతోని అయితలేదు. ఎవరికోసం పెట్టుకుంటున్ననో నాకే తెలుస్తలేదు. నాక్కూడ బతకాలని ఉంది."

బిందె నిండి పొర్లుతున్నా ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. చివరికి ఆమే వంగి నల్లా కట్టేసింది. "గా పార్కు ముచ్చట మొదలుపెట్టింది నువ్వు. నువ్వే ఆపు" అని బిందె నడుముకెత్తుకుంది.

దేవిదాస్ అక్కడే నిలబడిపోయాడు. ఆపడం ఎంత పని? ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ ఒక్క మాట వెనకే ఇంకో మాట ఉంది. దాన్ని అతను రెండేళ్ళుగా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాడు. మొదటిది చెబితే రెండోది ఆగదని అతని భయం.

మర్నాడు పొద్దున సాలూర దగ్గర మంజీర నది ఇసుకలో బండికి పరీక్ష. మామూలు రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడు, ఇసుకలో నడపడం వేరే విద్య. పూర్తి బరువు వేసి నడిపి చూస్తే గానీ ఏం తీసుకుపోవాలో, ఏం వదిలెయ్యాలో తేలదని రాందాస్ పట్టుబట్టాడు. వాళ్ళిద్దరూ బండి మీద వస్తే, "ఉసికెల గది నడుస్తదో నడువదో నా కండ్ల తోని సూస్త" అని ముత్తవ్వ కోడలిని వెంటేసుకుని బిలోలి బస్సెక్కి వచ్చేసింది.

ఎండాకాలం కదా, నది ఆవలి ఒడ్డు వైపు సన్నగా జారుకుని ఈవలంతా తెల్లటి ఇసుక. అక్కడక్కడ కర్బూజా తీగలు పాకించిన మడులు. రాందాస్ చక్కెర బస్తా గోతాన్ని చీల్చి, బొగ్గుతో దాని మీద బాట గీసుకొచ్చాడు. దాన్ని ఇసుకలో పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. నాందేడ్, జాల్నా, ధూలే, ఇందోర్, అక్కడి నుంచి చిత్తోడ్ మీదుగా జోధ్‌పూర్, జైసల్మేర్. ఇందోర్ దాకా ఫ్యాక్టరీ లారీ డ్రైవర్లకు కొట్టినపిండి. ఆ తర్వాతి బాట అంతా రాందాస్ వాళ్ళనూ వీళ్ళనూ అడిగి పోగుచేసిందే.

టైర్లలో గాలి సగం తీశారు. బండికి ఒక పక్క పెట్రోలు టిన్ను, ఇంకో పక్క లారీల ముందు వేలాడదీసే కాన్వాసు నీళ్ళ సంచులు, వెనక పానాల పెట్టె, స్పేరు ట్యూబులు కట్టారు. దేవిదాస్ రెండో గేరులో వేసి, బ్రేకు జోలికి పోకుండా, హ్యాండిల్ వదులుగా పట్టుకుని పోనిచ్చాడు. కొంతదూరం బాగానే పోయింది. ఆ తర్వాత వెనక చక్రం ఇసుకను ఎగజిమ్మి, ఇరుసు దాకా కూరుకుపోయి, బండి గుర్రుమని ఆగింది.

"రాజస్థాన్ పోకముందే సాలూరల సమాధైతం రో!" అంటూ రాందాస్ పరిగెత్తాడు. ఇద్దరూ చేతులతో ఇసుక తోడి చక్రం కింద గోతం ముక్కలు వేశారు. తోస్తే బండి లేచినట్టే లేచి మళ్ళీ కూర్చుంది.

ముత్తవ్వ తాపీగా నడుచుకుంటూ వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నీళ్ళ సంచుల ముడి విప్పి రెండింటినీ కింద పెట్టింది.

"గింత బరువేస్తె కూరుకపోక ఏమైతది? గీ నీళ్ళ సంచులెందుకురా నీకు? ఈటి జాగల మీ అన్న బట్టలు పెట్టుకో."

"అవ్వా, ఆడ నీళ్ళు..." అని దేవిదాస్ నాలుక కరుచుకున్నాడు.

"ఆడ నీళ్ళేంది? పార్కంటివి. పార్కుల నీళ్ళుండవా?"

రాందాస్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"సరే, పార్కు దాక ఉసికెనే అనుకో" అంది ముత్తవ్వ. "ఉసికెల నీళ్ళకేం తక్వరా?"

ఇక మాటలెందుకనుకుందో ఏమో, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని అక్కడే చతికిలబడి చెలిమె తీయడం మొదలుపెట్టింది. చేతులు రెండూ దోసిలిగా చేసి ఇసుకను పక్కకు లాగుతోంది. వయసు మీద పడ్డ చేతులే గానీ ఎక్కడా తడబడలేదు. మోచేతి దాకా దిగేసరికి ఇసుక రంగు మారింది. ఇంకాస్త తోడితే అడుగున నీళ్ళు ఊరాయి. మొదట బురదగా వచ్చిన నీళ్ళను చేత్తో ఎత్తి పారబోసింది. తర్వాత తేటగా వచ్చిన నీళ్ళను దోసిట పట్టి కొడుకు ముందు పెట్టింది.

"తాగు. పెయ్యంత సెమటలు కారుతున్నయి."

దేవిదాస్ వంగి తాగాడు. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి.

ముత్తవ్వ తడి చేతులు చెంగుకు తుడుచుకుంది. "రాజిగాడు పోరడిగా ఉన్నప్పుడు నా ఎంబడి గోదారికి వచ్చేటోడు. దూపైతుందని ఏడిస్తె గిట్లనే చెలిమె తియ్యనేర్పిన. ఉసికె సల్లగ తగుల్తది బిడ్డా, గప్పుడు ఇడిసిపెట్టొద్దు, ఇంక తోడాలె, చేతులు గుంజినా సరే ఇడువొద్దు అని. మా ఊర్ల వానంత జల్దిగ చెలిమె తీసేటోడు లేడు. అసొంటి కొడుకు ఉసికెల దూపకు సచ్చిండంటె నన్ను నమ్మమంటరా? ఫౌజోళ్ళకు ఏం ఎరుక ఉసికె సంగతి?"

గోదావరి కొంచెం దూరంలో నిలబడి మరిది ముఖమే చూస్తోంది. ఆ చూపులో తొందరపెట్టడం లేదు, ఊరికే వదిలేయడమూ లేదు. దేవిదాస్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అవ్వా, అది పార్కు కాదు. పార్కని పేరు పెడదామనుకుంటున్నరు, గంతే. తిలక్ గార్డెన్ లెక్క ఉండదు. మాలి ఉండడు, పూలచెట్లుండయి. ఉసికె, ముండ్ల కంప, ఎండుగడ్డి. నిన్ను భయపెట్టొద్దని గట్లన్న. తప్పు నాదే."

"ఉసికె ఉంది గద?"

"ఉంది. గని అది మన ఉసికె కాదవ్వా. మన ఉసికె పక్క పొంటి గోదారుంది, మంజీరుంది. గా ఉసికె పక్కన ఏమి లేదు. ఎంత తోడినా కింద ఉసికెనే."

ముత్తవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు పొయ్యి సూడనే లేదు. నీకెట్ల ఎరుక?"

"ధన్‌సింగ్ చెప్పిండు."

ధన్‌సింగ్ రాజలింగుతో పాటు పనిచేసినవాడు. చిత్తోడ్ దగ్గరి పల్లె అతనిది, ఫౌజు వదిలి ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. రాజలింగు పెట్టెను తానే మోసుకొచ్చి అప్పగించి, ఒక పూట ఉండి వెళ్ళాడు.

"నాతోనేం సెప్పలే గద వాడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు, బువ్వ తిన్నడు, పొయ్యిండు."

"నీతోని చెప్పొద్దని నేనే అన్న."

ముత్తవ్వ చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే ఆగిపోయాయి. ఒకప్పుడు పదిమందిని కూలికి పెట్టి పసుపు తవ్వించిన మనిషి ఆమె. ఎవరు ఏం దాస్తున్నారో ముఖం చూసి పట్టేసేది. ఆమె అడిగిన మాట దేవిదాస్ భయపడుతున్న మాటే.

"తోడిండా?" అంది. "నా కొడుకు తోడి సూసిండా?"

లేదవ్వా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నిజం చెప్పాలంటే ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నిన్ననే కదా సగం నిజం ఏం చేస్తుందో చూశాడు. పైగా వెనక వదినె నిలబడి ఉంది. రెండేళ్ళుగా ఆమె అడుగుతున్నదీ ఇంతే, ఎవరైనా గట్టిగా చెప్పమని.

"తోడిండవ్వా" అన్నాడు. "తుఫాను గాలిల జీపు ఖరాబైంది. మిగిలినోళ్ళు జీపు కాడ ఉన్నరు. నేను పోయి మదత్‌కు మనుషులను తెస్తనని అన్న నడుచుకుంట పొయ్యిండు. తెల్లారి ఎతుకవోయినోళ్ళకు ఒక గుంత కనవడ్డది. చేతులతోని తోడిన గుంత. జర్ర దూరం పోతే ఇంకొకటి. గట్లనే ఒకటెంబడి ఒకటి. ఏదన్న జానవార్, నక్కో గిక్కో, తోడిందేమో అనుకున్నరట అందరు. ధన్‌సింగ్‌కే సమజైంది. మా ఊర్ల ఉసికె తోడితే నీళ్ళొస్తయని అన్న ఎప్పుడూ వానికి చెప్పెటోడట."

జీపు నీడలో కూర్చున్నవాళ్ళందరూ బతికారని మాత్రం దేవిదాస్ చెప్పలేదు. తోడకుండా నడిచి ఉంటే, ఆ సత్తువ నడకకు మిగిలి ఉంటే, అని ధన్‌సింగ్ అన్న మాట కూడా చెప్పలేదు. చెప్పకపోయినా ముత్తవ్వకు అందింది. ఆమె తన చేతుల వంక చూసుకుంది.

"నేనే నేర్పిన" అంది. "ఇడువొద్దు ఇడువొద్దని నేనే నేర్పిన గద కొడుకా!"

ఆమె గట్టిగా ఏడవలేదు. ముందుకూ వెనక్కూ ఊగుతూ, "ఎంత దూపైందో, ఎంత తోడినవో నాయనా" అని అదే మాట అంటూ ఉంది. దేవిదాస్ ఆమె భుజాలు పట్టుకున్నాడు. అతనికి ఏడుపు ఆగలేదు. రాందాస్ పోయి బండిని పట్టుకుని నిలబడ్డాడు.

గోదావరి అక్కడే ఇసుకలో కూలబడింది. కబురు వచ్చిన నాడు కూడా ఆమె ఏడవలేదు, నమ్మితే కదా ఏడ్చేది. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుస్తున్న కొద్దీ రెండేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువేదో దిగుతున్నట్టు ఉంది ఆమెకు. ఆయన లేడు. ఎవరో ఒకరు గట్టిగా చెప్పారు. దుఃఖంలోనే ఆ మాట ఒక ఆసరాలా దొరికింది.

అది ఎక్కువసేపు నిలవలేదు. ముత్తవ్వ ఊగడం ఆపేసింది.

"ఆఖరు గుంత కాడ ఏముండె?" అని అడిగింది.

"ఏం లేదవ్వా. మనిషి లేడు. గాలికి సగం పూడిపోయిందట."

"తడిగుండెనా, పొడిగుండెనా?"

దేవిదాస్‌కి మొదట ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"గా ఆఖరు గుంతరా. అడుగు తడిగుండెనా, పొడిగుండెనా? నీళ్ళు రాలేదనే గద ఒకటిడిసి ఇంకొకటి తోడుకుంట పొయ్యిండు. ఆఖరు దాన్ని ఎందుకిడిసిండు? ఆడనే పడిపోతె మనిషుండాలె గద. లేడంటున్నవ్. నీళ్ళు తాగి లేసి పొయ్యిండా?"

ధన్‌సింగ్ ఆ సంగతి చెప్పలేదు. దేవిదాస్ అడగలేదు. అడగాలని తోచనే లేదు. అక్కడ నీళ్ళుండవని అనబోయి రాందాస్ వైపు చూశాడు, సాయం వస్తాడేమోనని. రాందాస్ ఇబ్బందిగా ఇసుకను కాలితో గీరుతున్నాడు.

"లారోళ్ళు ఒక ముచ్చట చెప్పిన్రు" అన్నాడు చివరికి. "నిజమో అబద్ధమో నాకు తెల్వది. అక్కడక్కడ వానకు ఇంకిన నీళ్ళు ఉసికె కింద నిలుస్తయట. మంచినీళ్ళేనట. యాడున్నయో ఆడి ఊరోళ్ళకే ఎరుకనట. ఇగ మనోడు దొర్కవట్టిండో లేదో..."

"నోరు మూస్తవా!" అని దేవిదాస్ అరిచాడు. ఇప్పుడు అరిచి ఏం లాభం? రాందాస్ చెప్పాల్సిందంతా చెప్పేశాడు. గోదావరి ఏడుపు ఆగిపోయింది. కాసేపటి క్రితం దొరికిన ఆ ఆసరా కాస్తా జారిపోయింది. మళ్ళీ ఉన్నాడో లేడో తెలియని చోటికే వచ్చింది.

"ధన్‌సింగ్‌కు ఒక కార్డు రాద్దాం" అన్నాడు రాందాస్, చేసిన తప్పు దిద్దుకునేటట్టు.

గోదావరి లేచి నిలబడింది. ముఖానికి అంటుకున్న ఇసుక తుడుచుకుంది. బొగ్గు గీతల గోతం దగ్గరకు నడిచి దాన్ని కాసేపు చూసింది. చదువు రాదు ఆమెకు.

"గిండ్ల చిత్తోడ్ ఏది?"

రాందాస్ వేలితో చూపించాడు.

"మీ బాటలనే ఉంది గద" అంది. "కార్డు వద్దు. కార్డుల ఏం రాస్తె నేనేం సదువుత, ఎవరో సదివి సెప్పాలె. ఒకరు సెప్తె ఒకరు ఇనుడు సాలింక. నేనొస్త. గా ధన్‌సింగ్‌ను నేనే అడుగుత. తర్వాత గా జాగ గూడ నేనే సూస్త."

"వదినె!" అన్నాడు దేవిదాస్. "మరిది బండి మీద వదినె అంత దూరం పోయిందంటే ఊర్ల ఏమంటరు? చందూరోళ్ళు ఏమంటరు?"

"ఏమన్న అననీ. ఇట్ల బతుకుడు కంటె ఎక్కువేం అంటరు?"

చందూరోళ్ళ పేరు ముత్తవ్వ ముందు పలకడం అదే మొదటిసారి. దేవిదాస్ నాలుక కరుచుకున్నాడు, కానీ మాట దొర్లిపోయింది. గోదావరి కూడా కొయ్యబారిపోయి అత్త వైపు చూసింది.

ముత్తవ్వ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసన్నట్టుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. కోడలి దగ్గరకు వచ్చి, చెదిరిన ఆమె కొంగు సరిచేసి భుజం మీద వేసింది.

"పో బిడ్డా" అంది. "తడిగుండెనంటె, ఊరూరు తిరిగి ఎతుకు. వాణ్ని తోల్కరా. పొడిగుండెనంటె..."

తను తీసిన చెలిమె వైపు ఒకసారి చూసింది.

"పొడిగుండెనంటె నా గడప తొక్కకు. గట్నుంచి గటే చందూరు పో. నువ్వు రాకపోతె నా కొడుకు లేడని నేనే ఎరుక చేస్కుంట."